సీడీ డ్రైవ్ లేని పాత కంప్యూటర్‌కి లినక్స్: ఏ దారిన ఎక్కించాలి, ఏది ఎక్కించాలి

పాత కంప్యూటర్‌కి లినక్స్ వేద్దామనుకునేవాళ్లు చాలామంది ముందు డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకం) ఎంచుకుంటారు. గంటసేపు దాని ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) దించుకుని, పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, మిషన్ ఆన్ చేశాక తెలుస్తుంది: అది 32-బిట్ ప్రాసెసర్ అనో, దాని బయోస్‌కి (మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) యూఎస్‌బీ నుంచి బూట్ అవడం రాదనో. ఈ వరసని తిరగేయాలి. ముందు ప్రాసెసర్ చూడాలి, తర్వాత బయోస్, ఆ తర్వాత ర్యామ్. ఈ మూడూ తేలాక ఎంచుకోవడానికి మిగిలేవి ఒకటో రెండో.

ఇక్కడ మాట్లాడేది ముఖ్యంగా రెండు రకాల మిషన్ల గురించి. ఒకటి, 2008 నుంచి 2011 దాకా వచ్చిన నెట్‌బుక్కులు. ఏసర్ ఆస్పైర్ వన్, అసుస్ ఈఈఈ పీసీ, హెచ్‌పీ మినీ లాంటివి. వీటికి పుట్టుకతోనే సీడీ డ్రైవ్ లేదు. రెండు, డ్రైవ్ ఉన్నా పని చేయని కోర్ 2 డ్యుయో కాలపు లాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు. ట్రే తెరుచుకుంటోంది కదా అని మురిసిపోవద్దు; లెన్స్ పోయిన డ్రైవ్ లేనట్టే లెక్క.

ముందు ప్రాసెసర్

ఆటమ్ ఎన్270, ఎన్280 అయితే 32-బిట్ మాత్రమే. ఎన్450, ఎన్455, ఎన్550, ఎన్570 అయితే 64-బిట్. కోర్ 2 డ్యుయో అన్నీ 64-బిట్టే, కానీ పేరులో 2 లేని కోర్ డ్యుయో 32-బిట్. పెంటియం ఎం 32-బిట్. పెంటియం 4లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి మోడల్ నంబర్ చూడనిదే చెప్పలేం. ఏఎండీలో అథ్లాన్ ఎక్స్‌పీ 32-బిట్, అథ్లాన్ 64 పేరే చెబుతోంది.

విండోస్ 7లో ‘32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్’ అని కనిపిస్తే ప్రాసెసర్ కూడా 32-బిట్టే అనుకోవద్దు. ఎన్450 నెట్‌బుక్కుల్లో చాలావాటికి విండోస్ 7 స్టార్టర్ ఇచ్చారు. ఆ స్టార్టర్ ఎడిషన్ వచ్చిందే 32-బిట్‌లో. లోపలి చిప్ మాత్రం 64-బిట్. సీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ నడిపి, ఇన్‌స్ట్రక్షన్స్ వరసలో ‘ఈఎం64టీ’ గానీ ‘ఎక్స్86-64’ గానీ ఉందేమో చూడండి. ఏదైనా లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) ఎక్కగలిగితే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ రెండో వరసలోనే ఆ సంగతి చెప్పేస్తుంది.

ఇంతగా ఎందుకు పట్టించుకోవాలంటే, 32-బిట్ దారి మూసుకుపోతోంది. ఉబుంటు కుటుంబం 2019లోనే 32-బిట్ ఐఎస్ఓలు మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు. లినక్స్ మింట్ డెబియన్ ఎడిషన్ 6 దాకా 32-బిట్ ఇచ్చింది, 7లో తీసేసింది. క్రోమ్ 2016లోనే పోయింది. ఫైర్‌ఫాక్స్‌కి 144వ వెర్షన్ 32-బిట్ లినక్స్‌కి చివరిది. ఆపైన 140 ఈఎస్ఆర్‌కి (ఎక్కువకాలం సవరణలు అందే ఎడిషన్) మాత్రం కనీసం 2026 సెప్టెంబర్ దాకా భద్రత సవరణలు ఇస్తామని మొజిల్లా ప్రకటించింది. పాత మిషన్‌ని పనికొచ్చేలా ఉంచేదీ, మూలన పడేసేదీ బ్రౌజరే. అందుకని ఎన్270 నెట్‌బుక్‌ని టైపింగ్‌కి, పాటలకి, పీడీఎఫ్ చదవడానికి, ఇంట్లో ఫైళ్లు పంచుకునే సర్వర్‌గా వాడుకోండి. బ్యాంకు పనులకి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీ కాలపు ప్రాసెసర్లలో ఎస్ఎస్ఈ2 అనే ఆదేశాల సమితి లేదు. నేటి ఫైర్‌ఫాక్స్ అది లేనిదే తెరుచుకోదు. ఆ మిషన్ల మీద శ్రమ వినోదం కోసమైతే సరే.

బయోస్ ఏం చెబుతోంది

పెన్‌డ్రైవ్ పెట్టిన తర్వాతే మిషన్ ఆన్ చేయాలి. నడుస్తుండగా పెడితే చాలా పాత బయోస్‌లు దాన్ని గుర్తించవు. బూట్ మెనూకి డెల్, లెనోవో థింక్‌ప్యాడ్, తోషిబాల్లో ఎఫ్12; హెచ్‌పీలో ఎఫ్9; అసుస్ ఈఈఈ పీసీలో, శాంసంగ్ నెట్‌బుక్కుల్లో ఎస్కేప్. ఏసర్‌లోనూ ఎఫ్12యే, కానీ ముందు ఎఫ్2తో బయోస్‌లోకెళ్లి ‘ఎఫ్12 బూట్ మెనూ’ అనేదాన్ని ఎనేబుల్ చేయాలి. డెస్క్‌టాప్ బోర్డుల్లో గిగాబైట్‌కి ఎఫ్12, అసుస్‌కి ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11, ఇంటెల్‌కి ఎఫ్10.

మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించలేదని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఏఎంఐ, అవార్డ్ కంపెనీల బయోస్‌లు పెన్‌డ్రైవ్‌ని ‘రిమూవబుల్’ కింద చూపవు, హార్డ్ డిస్కుల జాబితాలో కలిపేస్తాయి. బయోస్ సెటప్‌లో ‘హార్డ్ డిస్క్ డ్రైవ్స్’ అనే ఉప-మెనూ తెరిచి అక్కడ పెన్‌డ్రైవ్‌ని మొదటి స్థానంలో పెట్టాలి, ఆ తర్వాతే బూట్ వరసలో హార్డ్ డిస్క్‌ని మొదట పెట్టాలి. ‘యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ’ అని మూడు పేర్లు కనిపిస్తే హెచ్‌డీడీని ఎంచుకోండి. ‘లెగసీ యూఎస్‌బీ సపోర్ట్’ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులో కాకుండా వెనక మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న పోర్టులో పెట్టండి. ముందు పోర్టులకి లోపల వెళ్లే వైరు వదులైపోయి ఉండటం మామూలే.

పెన్‌డ్రైవ్ సైజు చిన్నదైతేనే మంచిది. 4 నుంచి 16 జీబీ చాలు. కొన్ని పాత బయోస్‌లు 137 జీబీకి మించిన చోట ఉన్న డేటాని చదవలేవు. పెద్ద డ్రైవ్‌లో ఐఎస్ఓ ఆ హద్దుకి అవతల పడితే బూట్ మధ్యలో ఆగిపోతుంది.

పెన్‌డ్రైవ్ దేనితో రాయాలి

ఐఎస్ఓని పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించే ప్రోగ్రాములు: రూఫస్, వెంటాయ్, ఎచర్, యూనెట్‌బూటిన్. ఈ నాలుగింట్లో పాత మిషన్లకి మొదటి ఓటు రూఫస్‌కే. విండోస్ 7లో కూర్చుని రాస్తుంటే 4వ వెర్షన్ పని చేయదు, 3.22 దించుకోవాలి. పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, టార్గెట్ బయోస్. స్టార్ట్ నొక్కాక ఐఎస్ఓ మోడ్‌లో రాయాలా, డీడీ మోడ్‌లో రాయాలా అని అడిగితే డెబియన్, యాంటీఎక్స్ డిస్ట్రోలకి డీడీ ఎంచుకోండి. ఐఎస్ఓని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్ మీదకి దించేస్తుంది కాబట్టి దారిలో పాడయ్యేది తక్కువ. తర్వాత విండోస్‌లో ఆ పెన్‌డ్రైవ్ కొన్ని ఎంబీలే ఉన్నట్టు కనిపించవచ్చు. పాడైపోయిందని కంగారు పడొద్దు, రూఫస్‌తోనే మళ్లీ ఫార్మాట్ చేస్తే మొత్తం జాగా తిరిగొస్తుంది. డీడీతో బూట్ కాకపోతే ఐఎస్ఓ మోడ్‌లో, ‘పాత బయోస్‌ల కోసం సవరణలు’ అన్న టిక్కు పెట్టి మరోసారి రాయండి.

వెంటాయ్ మంచి పనిముట్టే. ఒకసారి పెన్‌డ్రైవ్‌ని సిద్ధం చేస్తే ఐఎస్ఓలు మామూలు ఫైళ్లలా కాపీ చేసుకోవచ్చు. మూడు నాలుగు డిస్ట్రోలు పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు. కాకపోతే కొన్ని పాత బయోస్‌లలో మెనూ దాకా వచ్చి, ఐఎస్ఓ ఎంచుకోగానే గడ్డకట్టేస్తుంది. అప్పుడు దానితో కుస్తీ పట్టకుండా ఒక్క ఐఎస్ఓని రూఫస్‌తో రాసేయండి. ఎచర్‌ది ఒకటే పని, అది బాగానే చేస్తుంది, సర్దుబాట్లు మాత్రం ఏమీ ఉండవు. యూనెట్‌బూటిన్ డెబియన్‌కి వద్దు. ఇన్‌స్టాలర్ మొదలై భాష, కీబోర్డ్ అడిగి, ఆపైన ‘సీడీ-రామ్ దొరకలేదు’ అని మొరాయించడానికి అసలు కారణం చాలాసార్లు అదే: ఫైళ్లని విడదీసి కాపీ చేయడం వల్ల ఇన్‌స్టాలర్ తన సొంత మీడియాని తానే గుర్తుపట్టలేకపోతుంది.

రాయకముందు ఐఎస్ఓ ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ని (ఫైలు చెడిపోలేదని తేల్చే గుర్తు సంఖ్య) డిస్ట్రో సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఈ పని చేస్తుంది. సగంలో తెగిన డౌన్‌లోడ్ ‘బూట్ ఎర్రర్’ రూపంలో గానీ, ఇన్‌స్టాల్ 70 శాతం దగ్గర ఆగిపోయే రూపంలో గానీ బయటపడుతుంది, అప్పుడు తప్పంతా పాత మిషన్ మీద వేస్తాం.

పోర్టు యూఎస్‌బీ 1.1 అయితే వేగం సెకనుకి సుమారు 1 ఎంబీ. 1 జీబీ చదవడానికే 15 నిమిషాల పైన పడుతుంది. తెర నల్లగా ఉందని పవర్ తీసేయకండి; పెన్‌డ్రైవ్ లైటు మిణుకుమంటున్నంతసేపూ అది చదువుతూనే ఉంది.

పెన్‌డ్రైవ్ దారి మూసుకుంటే

బయోస్‌కి యూఎస్‌బీ బూట్ నిజంగానే రాదని తేలిందనుకోండి. అప్పుడు ఐదు దారులున్నాయి. ఏది ఎవరికి అన్నది మీ దగ్గరున్న సామాన్ని బట్టి.

బయట పెట్టే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ అందరికీ మొదట తట్టేది. దాన్ని కొనేముందు ఆగండి. యూఎస్‌బీ బూటే రాని బయోస్‌కి ఆ డ్రైవ్ కూడా కనిపించదు. ఉపయోగపడేది ఒకే సందర్భంలో: బూట్ జాబితాలో ‘యూఎస్‌బీ సీడీరామ్’ ఉండి, యూఎస్‌బీ హార్డ్ డిస్క్ లేనప్పుడు. అలాంటి బయోస్‌లు ఉన్నాయి. ఎవరిదైనా అరువు తెచ్చుకోండి, ఒక్క రోజు పనికి కొనడం దండగ. డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇది 500 మిల్లీఆంప్స్ దాటి లాగవచ్చు. పాత పోర్టు అంత ఇవ్వలేక డ్రైవ్ టక్‌టక్‌మని ఆగిపోతుంది. రెండు పోర్టుల నుంచి కరెంటు తీసుకునే వై-కేబుల్ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

హార్డ్ డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించి ఇన్‌స్టాల్ చేయడం చాలామంది పట్టించుకోని పద్ధతి. నిజానికి అన్నిటిలోకీ నమ్మదగ్గది ఇదే. చాలా లాప్‌టాప్‌లలో కింద రెండు స్క్రూలు తీస్తే డిస్క్ బయటికొస్తుంది. శాటా డిస్క్ అయితే యూఎస్‌బీ-శాటా కేబుల్ చాలు. 2.5 అంగుళాల ఐడీఈ డిస్క్ అయితే 44 పిన్నుల అడాప్టర్ కావాలి. అది తిరగేసి కూడా దూరుతుంది కాబట్టి ఒకటో పిన్ను గుర్తు చూసి పెట్టండి, తిరగబెడితే డిస్క్ కాలిపోతుంది. ఇక్కడ జాగ్రత్తలు నాలుగు. సాయపడే కంప్యూటర్‌లోని సొంత డిస్క్ కేబుల్ తీసేయండి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు దాన్నే ఫార్మాట్ చేస్తారు. దాన్ని యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) మోడ్‌లో కాకుండా లెగసీ, అంటే పాత బయోస్ మోడ్‌లో బూట్ చేయండి. యూఈఎఫ్ఐలో ఇన్‌స్టాల్ చేసిన డిస్క్‌ని పాత బయోస్ అసలు చూడదు. పాత మిషన్ 32-బిట్ అయితే సాయపడేది ఎంత కొత్తదైనా 32-బిట్ ఎడిషనే వేయాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ ‘ఈ మిషన్‌కి కావలసిన డ్రైవర్లు మాత్రమే’ లేక ‘అన్నీ’ అని అడిగితే అన్నీ ఎంచుకోండి, లేదంటే డిస్క్ పాత మిషన్‌లోకి తిరిగెళ్లాక రూట్ పార్టిషన్ దొరకలేదంటుంది. యంత్రం మారాక నెట్‌వర్క్ కార్డు పేరు మారుతుంది, అది పెద్ద విషయం కాదు.

పీఎక్స్ఈ, అంటే లాన్ కేబుల్ మీదుగా బూట్. యూఎస్‌బీ రాని 2002 నాటి బోర్డుల్లో కూడా ఇది తరచూ ఉంటుంది, ‘ఆన్‌బోర్డ్ లాన్ బూట్ రామ్’ అనే పేరుతో, ఆఫ్ చేసి. కావలసినవి: లినక్స్ నడిచే ఇంకో కంప్యూటర్, లాన్ కేబుల్, డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్యాకేజీ, డెబియన్ నెట్‌బూట్ ఫైల్ (నెట్ మీదుగా ఇన్‌స్టాల్ చేసే బుల్లి ఇన్‌స్టాలర్). ఇంట్లో ఫైబర్ రౌటర్ ఐపీలు పంచుతుంటుంది కాబట్టి డీఎన్ఎస్‌మాస్క్‌ని ప్రాక్సీ డీహెచ్‌సీపీ పద్ధతిలో, అంటే ఐపీలివ్వకుండా బూట్ వివరాలు మాత్రమే చెప్పేలా నడపాలి. మామూలు డీహెచ్‌సీపీగా నడిపితే ఇద్దరూ ఐపీలిస్తూ ఇల్లంతా నెట్ పోతుంది. ‘టీఎఫ్‌టీపీ టైమౌట్’ (బూట్ ఫైల్ అందలేదు) అని వస్తే సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 67, 69 పోర్టులు మూసి ఉన్నాయేమో చూడండి. పాత మిషన్ తప్పనిసరిగా కేబుల్‌తోనే ఉండాలి, ఈ కాలపు మిషన్లలో వైఫై మీద పీఎక్స్ఈ లేదు. ఒక్క కంప్యూటర్ కోసం ఇంత సరంజామా ఎక్కువే. స్కూలు ల్యాబ్‌లో పది ఉంటే మాత్రం ఇంకో పద్ధతి గురించి ఆలోచించకండి.

మిషన్‌లో ఉన్న విండోస్ ఇంకా బూట్ అవుతోందా? అయితే బయటి నుంచి ఏమీ తేకుండానే పని జరుగుతుంది. డెబియన్ నెట్‌బూట్‌లోని కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లు రెండే. వాటిని సీ డ్రైవ్‌లో పెట్టి, గ్రబ్4డాస్ అనే చిన్న బూట్ ప్రోగ్రామ్‌ని విండోస్ బూట్ మెనూకి చేర్చి అక్కణ్నుంచి ఎక్కించవచ్చు. ఇన్‌స్టాలర్ మొత్తం ర్యామ్‌లో కూర్చుంటుంది కాబట్టి అదే డిస్క్‌ని పూర్తిగా తుడిచేసినా ఆగదు. మిగతాదంతా నెట్ నుంచి దించుకుంటుంది, అందుకని లాన్ కేబుల్ ఉండాలి. మధ్యలో నెట్ పోతే విండోస్ పోయింది, లినక్స్ రాలేదు అన్న స్థితి వస్తుంది. కనెక్షన్ మీద నమ్మకం లేకపోతే విండోస్ పార్టిషన్ చెరపకుండా పక్క ఖాళీ జాగాలో వేయండి.

ఐదోది ప్లాప్ బూట్ మేనేజర్. బయోస్‌కి రాని యూఎస్‌బీ బూట్‌ని తానే చేసిపెట్టే బుల్లి ప్రోగ్రామ్. ఫ్లాపీ మీద నుంచి నడుస్తుంది, విండోస్ ఎక్స్‌పీ బూట్ మెనూలోకి చేరుతుంది, గ్రబ్ (లినక్స్‌ని ఎక్కించే బూట్ ప్రోగ్రామ్) నుంచి కూడా ఎక్కుతుంది. 2001–2005 మధ్య డెస్క్‌టాప్‌లకి చక్కగా సరిపోతుంది. కొన్ని యూఎస్‌బీ చిప్‌సెట్లతో పెన్‌డ్రైవ్‌ని చూసి కూడా కదలదు. అలాంటప్పుడు పెన్‌డ్రైవ్ వేరే పోర్టులో పెట్టి, ప్లాప్ సెట్టింగుల్లో యూఎస్‌బీ 1.1 మోడ్ బలవంతంగా ఎంచుకుంటే నెమ్మదిగానైనా నడుస్తుంది.

వేరే ఏ ఆధారమూ లేకపోతే వరస ఇలా పెట్టుకోండి: విండోస్ బతికుంటే గ్రబ్4డాస్, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వస్తే డిస్క్ విప్పడం, రెండూ కుదరకపోతే ప్లాప్.

ఏ లినక్స్

64-బిట్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉంటే డెబియన్ 13ని ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ (రెండూ తేలికపాటి డెస్క్‌టాప్‌లు) పెట్టి వేయండి. ఉబుంటు కుటుంబంలోని లుబుంటు కూడా ఎల్‌ఎక్స్‌క్యూటీయే, చూడ్డానికి తీరుగా ఉంటుంది, ఇన్‌స్టాల్ సులువు. అయినా పాత హార్డ్ డిస్క్ మీద డెబియన్‌వైపే మొగ్గు. లుబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ (ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవన్నీ కలిపి ఒకే మూటగా ఇచ్చే పద్ధతి) రూపంలో వస్తుంది. తిరిగే డిస్క్ మీద మొదటిసారి తెరుచుకోవడానికి అది తీసుకునే సమయం ఓపికకి పరీక్ష. లుబుంటు ఐఎస్ఓ 3 జీబీ దాకా ఉంటే, డెబియన్ నెట్ ఇన్‌స్టాల్ ఐఎస్ఓ 1 జీబీ లోపే. ఎస్ఎస్‌డీ, 4 జీబీ ర్యామ్ ఉన్న కోర్ 2 డ్యుయో అయితే రెండింట్లో మీ ఇష్టం.

32-బిట్ అయితే ఎంపిక యాంటీఎక్స్ 23, డెబియన్ 12ల మధ్య. యాంటీఎక్స్ 23 కూడా డెబియన్ 12 మీద కట్టిందే. సిస్టమ్‌డీ (చాలా డిస్ట్రోల్లో నేపథ్య సేవల్ని నడిపే ప్రోగ్రామ్) లేకుండా, ఐస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌తో వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 200 ఎంబీ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది, అదే పని ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టిన డెబియన్‌కి దాదాపు రెట్టింపు కావాలి. 1 జీబీ ర్యామ్ నెట్‌బుక్‌లో ఆ తేడా అంటే బ్రౌజర్‌లో ఇంకో రెండు ట్యాబులు. యాంటీఎక్స్ మెనూలు మొదట గజిబిజిగా అనిపిస్తాయి, ఒకే పనికి మూడు ప్రోగ్రాములు ఉంటాయి. కంప్యూటర్ కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్లకి ఇచ్చేటట్టయితే క్యూ4ఓఎస్ 5 చూడండి. దాని ట్రినిటీ డెస్క్‌టాప్ విండోస్ ఎక్స్‌పీ అలవాటున్న చేతికి వెంటనే పట్టుబడుతుంది, 32-బిట్ ఎడిషనూ ఉంది.

512 ఎంబీ ర్యామ్‌కి పప్పీ లినక్స్. డెబియన్ 12 ప్యాకేజీలతో కట్టిన బుక్‌వర్మ్‌పప్ 32 తీసుకోండి. దీని బలం ‘ఫ్రూగల్’ ఇన్‌స్టాల్: డిస్క్‌ని విభజించకుండా, ఉన్న పార్టిషన్‌లో ఒక ఫోల్డర్‌లో నాలుగైదు ఫైళ్లు పెడితే చాలు, మీ మార్పులన్నీ ఒక సేవ్ ఫైల్‌లో ఉంటాయి. 4 జీబీ ఎస్ఎస్‌డీతో వచ్చిన ఈఈఈ పీసీ 701కి ఇంతకన్నా తగినది దొరకదు. మామూలుగా రూట్ యూజర్‌గానే నడుస్తుందన్నది గుర్తుంచుకోవాలి. అలాగే, షట్‌డౌన్ చేయకుండా పవర్ తీసేస్తే సేవ్ ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. బ్యాటరీ పోయిన నెట్‌బుక్, కరెంటు కోతలు ఉన్న ఊరు కలిస్తే సేవ్ ఫైల్‌కి నకలు తీసి పెట్టుకోవడం అవసరం.

అంతకన్నా తక్కువ ర్యామ్‌కి టైనీ కోర్. డెస్క్‌టాప్‌తో కలిపి 25 ఎంబీ లోపే ఉంటుంది, 64 ఎంబీ ర్యామ్‌లోనూ లేస్తుంది. వైఫై కావాలంటే చిన్నది కాకుండా కోర్‌ప్లస్ ఐఎస్ఓ దించుకోవాలి. దీన్ని ఒకే పనికి కట్టేసిన మిషన్‌గా వాడితే బాగుంటుంది. రోజూ వాడే డెస్క్‌టాప్‌గా మాత్రం చెప్పం.

ర్యామ్ గురించి ఒక మాట. ఎన్270, ఎన్450 నెట్‌బుక్కులు 2 జీబీ దాకానే తీసుకుంటాయి. 1 జీబీ చిప్ తీసి 2 జీబీ వేస్తే వచ్చే తేడా ఏ తేలిక డిస్ట్రో మార్చినా రాదు. ఎక్కువవాటికి డీడీఆర్2 లాప్‌టాప్ ర్యామ్ కావాలి, కొన్ని ఎన్455 మోడళ్లకి డీడీఆర్3. కొనేముందు పాత చిప్ మీది స్టిక్కర్ చదవండి, వీలైతే చిప్పే తీసుకెళ్లి చూపించండి. హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దుకాణాల్లో వాడిన ర్యామ్, ఐడీఈ అడాప్టర్ల లాంటి పాత సామాను అడగవచ్చు. డబ్బు ఇచ్చేముందు అక్కడే ఆన్ చేయించి చూడండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోతే గడియారం 2005కో 2009కో వెళ్లిపోతుంది. అప్పుడు ప్రతి వెబ్‌సైటూ సర్టిఫికెట్ తప్పంటుంది, ప్యాకేజీల జాబితా ‘ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అంటుంది, నెట్ పాడైందని మనం అనుకుంటాం. వాచీలు బాగుచేసే కొట్లో దొరికే బిళ్ల అది.

నెట్‌బుక్ తెర 1024x600. గ్రాఫిక్ ఇన్‌స్టాలర్లలో ‘తర్వాత’ బటన్ తెర కిందికి పోతుంది. ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో విండోని పైకి లాగవచ్చు. డెబియన్‌లో అయితే టెక్స్ట్ ఇన్‌స్టాలరే ఎంచుకోండి, ర్యామ్ కూడా తక్కువ తింటుంది. రూట్ పాస్‌వర్డ్ అడిగినచోట ఖాళీగా వదిలేస్తే మీ యూజర్‌కే సుడో (అడ్మిన్) హక్కులు వస్తాయి. డెస్క్‌టాప్ ఎంచుకునే జాబితాలో గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ ముందే టిక్ అయి ఉంటుంది. దాన్ని స్పేస్‌తో తీసేసి ఎల్‌ఎక్స్‌క్యూటీ పెట్టండి. ఎంటర్ నొక్కితే టిక్ మారదు, స్క్రీనే ముందుకెళ్లిపోతుంది, చివరికి 2 జీబీ మిషన్‌లో గ్నోమ్ దిగుతుంది.

వైఫై దగ్గర ఎక్కువమందిని ఆపేది బ్రాడ్‌కామ్ చిప్. డెబియన్ 12 నుంచి అధికారిక ఐఎస్ఓలోనే ఫర్మ్‌వేర్ ఉంటున్నా, పాత బ్రాడ్‌కామ్ బీసీఎం4312 లాంటివాటికి అది విడిగా నెట్ నుంచి దిగాలి. నెట్ కోసం వైఫై కావాలి, వైఫై కోసం నెట్ కావాలి. లాన్ కేబుల్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. ఇన్‌స్టాలర్ దాన్ని కేబుల్ నెట్‌వర్క్‌లా గుర్తిస్తుంది. ఆథెరాస్ చిప్ ఉన్న ఏసర్, అసుస్ నెట్‌బుక్కులకి ఈ గొడవ లేదు. ఎన్2600, ఎన్2800 ఆటమ్‌లకి ఇంకో చిక్కు ఉంది: వాటి జీఎంఏ 3600, 3650 గ్రాఫిక్స్‌కి లినక్స్‌లో సరైన డ్రైవర్ లేదు, తెర వెలుగుతుంది గానీ వీడియో సాగదు. కొనాలో వద్దో ఆలోచిస్తుంటే ఆ మోడళ్లు వదిలేయండి.

చివర్లో గ్రబ్ ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు తొందరపడకండి. కొన్ని బయోస్‌లలో బూట్ అయిన పెన్‌డ్రైవే ‘ఎస్‌డీఏ’ (లినక్స్ మొదటి డిస్క్‌కి పెట్టే పేరు) అయి, హార్డ్ డిస్క్ ‘ఎస్‌డీబీ’ అవుతుంది. అక్షరం కాదు, పక్కనున్న సైజు చూసి ఎంచుకోండి. పెన్‌డ్రైవ్ ఉంటేనే లినక్స్ లేస్తోంది, తీస్తే ‘ఆపరేటింగ్ సిస్టమ్ లేదు’ అంటోందంటే గ్రబ్ పెన్‌డ్రైవ్ మీద పడిందన్నమాట. అలాగే ఎక్కి, హార్డ్ డిస్క్ పేరుతో గ్రబ్-ఇన్‌స్టాల్ ఒకసారి నడిపితే సరిపోతుంది. ఇక 2003కి ముందు బోర్డులో 137 జీబీకి మించిన డిస్క్ ఉంటే, 500 ఎంబీ బూట్ పార్టిషన్‌ని డిస్క్ మొదట్లోనే విడిగా పెట్టండి. లేకపోతే కొన్నాళ్లు బాగా నడిచి, ఒక కెర్నల్ అప్‌డేట్ హద్దుకి అవతల పడిన రోజు గ్రబ్ దాన్ని చదవలేక ఆగిపోతుంది.

పదిహేనేళ్ల డిస్క్ కాబట్టి స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో దాని ఆరోగ్యం చూడటం తప్పనిసరి. ‘కరెంట్ పెండింగ్ సెక్టర్’ (చదవలేకపోతున్న చోట్ల లెక్క) సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద సమయం పెట్టొద్దు, చిన్న శాటా ఎస్ఎస్‌డీ వేసి మొదలుపెట్టండి.

వాడుకలోకి వచ్చాక

జడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి ర్యామ్‌లో సగం కేటాయించండి. పాత డిస్క్ మీద స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) వెళ్లేకన్నా ర్యామ్‌లోనే డేటాని కుదించి దాచుకోవడం ఎంతో వేగం. దానికి తోడు డిస్క్ మీద 2 జీబీ స్వాప్ ఉంచండి. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్ బ్లాకర్ పెడితే పేజీలు తేలికవుతాయి. యూట్యూబ్ మాత్రం బ్రౌజర్‌లో సాగదు. ఈ గ్రాఫిక్ చిప్‌లకి కొత్త వీడియో ఫార్మాట్లు తెలియవు కాబట్టి భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఎంపీవీ అనే వీడియో ప్లేయర్, యూట్యూబ్ వీడియోలు తెచ్చిపెట్టే వైటీ-డీఎల్‌పీ కలిపి 360పీలో చూడండి. డెబియన్‌లో ఉన్న వైటీ-డీఎల్‌పీ త్వరగా పాతబడుతుంది, ఆ ప్రాజెక్టు నుంచి నేరుగా తెచ్చుకోవాలి.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలు వేయండి. రెండోదాంట్లో పోతన, వేమన ఫాంట్లున్నాయి. టైపింగ్‌కి ఐబస్ అనే ప్రోగ్రామ్, దానితో ఎం17ఎన్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ రెండూ వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే చాలనుకునేవాళ్లకి ఐబస్ కూడా అక్కర్లేదు. కీబోర్డ్ లేఅవుట్లలో భారత్ కింద తెలుగు ముందే ఉంది, దాన్ని ఇంగ్లిష్ పక్కన చేర్చుకుని మార్చుకోవడానికి ఒక మీట పెట్టుకుంటే నేపథ్యంలో నడిచే ప్రోగ్రామ్ ఒకటి తగ్గుతుంది.